డబ్బా మీద గిగాబిట్లు

వైఫై 7 రౌటర్ డబ్బా మీద "బీఈ19000" అని వేస్తారు. అంటే సెకనుకి 19 గిగాబిట్లు అనుకుంటారు జనం. జనం సంగతి సరే, సాఫ్ట్‌వేర్ వాళ్ళం మనమూ నమ్మేస్తున్నామే, అదీ నా బాధ. 2.4, 5, 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్ల గరిష్ఠ వేగాలు మూడూ కూడితే వచ్చిన అంకె అది. మూడు బస్సులు గంటకి 60 చొప్పున పోతుంటే, మా సర్వీసు వేగం 180 అన్నట్టు! పైగా అది నాలుగు యాంటెన్నాల లెక్క. ఫోన్లలో మామూలుగా ఉండేవి రెండే.

ఇంకో గొప్ప, 4096 క్వామ్. వైఫై 4లో ఒక్కో సింబల్‌కి 6 బిట్లు, 5లో 8, 6లో 10, ఇప్పుడు 12. ప్రతిసారీ పెరిగింది రెండు బిట్లే. లాభం మాత్రం 33 శాతం, 25, 20 అంటూ తరిగిపోతోంది. ఖర్చో? ఆ రెండు బిట్ల కోసం సిగ్నల్-నాయిస్ నిష్పత్తి దాదాపు నాలుగు రెట్లు కావాలి. రౌటర్ ఉన్న గదిలో కూర్చుంటే సరే, మధ్యలో గోడ వచ్చిందా, అంతే సంగతులు.

ఇందులో వింతేం లేదు. షానన్ 1948లోనే చెప్పాడు. ఆ నిష్పత్తి మారకుండా బ్యాండ్‌విడ్త్ రెట్టింపైతే వేగమూ రెట్టింపు. బ్యాండ్‌విడ్త్ అంతే ఉంచి సిగ్నల్ బలం రెట్టింపు చేస్తే దక్కేది మహా అయితే హెర్ట్జ్‌కి ఒక బిట్.

కాబట్టి వైఫై 7లో అసలు సరుకు 320 మెగాహెర్ట్జ్ ఛానెల్. దానికి 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్ కావాలి. అమెరికా 2020 ఏప్రిల్‌లోనే 1200 మెగాహెర్ట్జ్ వదిలింది. అందులో ఒకదానికొకటి అడ్డురాని ఛానెళ్ళు మూడు పడతాయి. మన దగ్గర మొబైల్ కంపెనీలు ఆ బ్యాండ్ మాకే కావాలని పట్టుబట్టాయి. చివరికి 2025 మేలో వచ్చిన ముసాయిదాలో వైఫైకి రాసింది 500. పట్టేది ఒక్కటే ఛానెల్. ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్లో అందరూ దానిమీదే పడాలి!

వేలం వేస్తే ఖజానాకి డబ్బొస్తుంది కదా అంటారు. వస్తుంది. కానీ ఇంటి నుంచి మనం పనిచేసేది వైఫై మీదేగా?

ఆ ముసాయిదా మీద అభ్యంతరాలు, సూచనలు పంపమని ప్రభుత్వం అడిగింది. మనలో ఎంతమంది పంపాం? కొత్త రౌటర్ ఎంతకొచ్చిందో మాత్రం ఆఫీసంతా చెప్పుకుంటాం. చిప్పు ఎంత తెలివైనదైనా, లేని స్పెక్ట్రమ్‌ని పుట్టించలేదు. అది అడిగి తెచ్చుకోవాల్సింది మనమే.