చెవిపోటు కంపెనీ

వ్యాపారానికి పేరు పెట్టేటప్పుడు నలుగురి చెవికీ ఇంపుగా ఉండేలా చూసుకోమంటారు పెద్దలు. అందులోనూ పాటల కంపెనీ అయితే చెప్పేదేముంది... ఏ కోకిలో, వీణో, సరిగమలో గుర్తుకు రావాలి. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ కుర్రాడు డిగ్బీ పియర్సన్ మాత్రం 1980ల నడుమ మొదలుపెట్టిన తన రికార్డు కంపెనీకి ‘ఇయర్‌ఏక్’ అని పేరు పెట్టాడు. తెలుగులో చెప్పాలంటే... చెవిపోటు!

పేరులో మోసమేమీ లేదు. మొదటిసారి విన్నవాళ్లకు ఆ కంపెనీ రికార్డులు అచ్చం అలాగే ఉంటాయి. గిటార్లు రంపాల్లా కోస్తాయి. డ్రమ్స్ కుట్టుమిషన్‌తో పోటీపడతాయి. గాయకుడు పాడుతున్నాడో, ఎవరినైనా తరుముతున్నాడో అర్థం కాదు. అయినా ఆ చెవిపోటు కోసం ప్రపంచం నలుమూలల నుంచీ ఉత్తరాలు రాసి, డబ్బు పంపి, నెలల తరబడి పోస్ట్‌మ్యాన్ కోసం ఎదురుచూసిన వాళ్లున్నారు. ఇప్పటికీ పదిహేడేళ్ల పిల్లలు గది తలుపులు వేసుకుని ఆ రికార్డుల్నే వింటున్నారు. ఎందుకు?

అప్పట్లో బ్రిటన్‌లో మార్గరెట్ థాచర్ ప్రభుత్వం. ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. నిరుద్యోగులు 30 లక్షలు దాటారు. ఉద్యోగం అడగకుండా సొంతంగా ఏదైనా చేసుకుంటామన్న వాళ్లకు వారానికి 40 పౌండ్ల చొప్పున ఏడాదిపాటు ఇస్తామని ప్రభుత్వం ఓ పథకం పెట్టింది. చిన్న చిన్న దుకాణాలు వెలుస్తాయని దాని ఆశ. వెలిశాయి కూడా. ఆ పథకంలో చేరిన వాళ్లలో మన పియర్సన్ ఒకడు. ప్రభుత్వాల్నీ పెద్ద కంపెనీల్నీ తిట్టిపోసే పాటలకు ప్రభుత్వమే పెట్టుబడి పెట్టిందన్నమాట!

కంపెనీ మూడో రికార్డు 1987లో వచ్చింది. పేరు ‘స్కమ్’. వాయించింది నాపామ్ డెత్ అనే బృందం. బర్మింగ్‌హామ్ దగ్గర్లోని మెరిడెన్ అనే పల్లెలో 1981లో స్కూలు పిల్లలు పెట్టుకున్న బ్యాండది. ఎల్పీ రికార్డుకి రెండు వైపులుంటాయి కదా. మొదటి వైపు పాటల్ని 1986 ఆగస్టులో బర్మింగ్‌హామ్‌లోని ఓ స్టూడియోలో 50 పౌండ్ల ఖర్చుతో రికార్డు చేశారు. రెండో వైపు వంతు 1987 మేలో వచ్చింది. ఈలోగా బృందంలో వాళ్లంతా వెళ్లిపోయి కొత్తవాళ్లు చేరారు, డ్రమ్స్ వాయించే మిక్ హారిస్ ఒక్కడు తప్ప. అంటే రికార్డు తిరగేస్తే బ్యాండే మారిపోతుంది. మొత్తం 28 పాటలు. అందులో ‘యూ సఫర్’ అనే పాట నిడివి సుమారు 1.3 సెకన్లు. ప్రపంచంలోకెల్లా అతి చిన్న పాటగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. తుమ్ముకైనా అంతకన్నా ఎక్కువ సమయం పడుతుంది.

నవ్వొస్తుంది. వాళ్లూ సగం సరదాకే చేశారు. మిగతా సగం మాత్రం సరదా కాదు. ఆ మోత ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే బర్మింగ్‌హామ్ సంగతి చెప్పుకోవాలి. అది ఇనుము, ఉక్కు, కార్ల ఫ్యాక్టరీల ఊరు. 1965లో ఆ ఊళ్లోని రేకుల ఫ్యాక్టరీలో టోనీ అయోమీ అనే 17 ఏళ్ల కుర్రాడు ఆఖరి రోజు డ్యూటీకి వెళ్లాడు. మర్నాటి నుంచి గిటారే జీవితం అనుకున్నాడు. ఆ రోజే యంత్రం కింద పడి కుడిచేతి రెండు వేళ్ల కొనలు తెగిపోయాయి. ఎడంచేతి వాటం కాబట్టి తీగలు నొక్కే చెయ్యి అదే. అతను ఊరుకోలేదు. గిన్నెలు తోముకునే సబ్బు సీసా ప్లాస్టిక్‌ను కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, పైన తోలుముక్క అంటించాడు. తర్వాత్తర్వాత వేళ్లకు నొప్పి తగ్గాలని తీగల్ని వదులు చేశాడు. వదులైన తీగ నుంచి బరువైన, చీకటి ధ్వని వచ్చింది. అతని బ్యాండు బ్లాక్ సబ్బత్ తొలి ఆల్బమ్ 1970 ఫిబ్రవరిలో వచ్చింది. హెవీ మెటల్ పుట్టుక అదేనంటారు. ఆ బ్యాండు చివరి కచేరీ కూడా సొంతూళ్లోనే, 2025 జులై 5న. ఆ నెలలోనే గాయకుడు ఆజీ ఆస్‌బోర్న్ కన్నుమూశాడు.

తండ్రుల తరానికి యంత్రం వేళ్లు తీసుకుంది. కొడుకుల తరం వచ్చేసరికి అసలు యంత్రాలే ఆగిపోయాయి. నాపామ్ డెత్ కుర్రాళ్లు వాయించింది ఆ రెండో తరం పాట. దానికి గ్రైండ్‌కోర్ అని పేరొచ్చింది. మన ఇళ్లలో గ్రైండర్ తిరిగేటప్పుడు ఎవరి మాటా వినపడనట్టే ఇదీను.

సరే, ఇలాంటి దాన్ని ఏ రేడియో వేస్తుంది? టీవీ దరిదాపులకు రానివ్వదు. మరి జనానికి ఎలా తెలిసింది? తపాలా ద్వారా! ఒకరి దగ్గరున్న క్యాసెట్‌ను ఇంకొకరికి కాపీ చేసి పంపడం, వాళ్లు తమ దగ్గరున్నది బదులివ్వడం. ఫ్లోరిడా కుర్రాడికీ స్వీడన్ కుర్రాడికీ మొహాలు తెలియవు, ఒకరి చేతిరాత ఒకరికి తెలుసు. జేబులో డబ్బుల్లేని వయసు కదా... తపాలా బిళ్లల మీద పల్చగా జిగురో సబ్బో రాసేవారు. ముద్ర దాని మీద పడుతుంది. అందుకున్నవాడు తడిపి కడిగేస్తే బిళ్ల మళ్లీ కొత్తది. చట్టరీత్యా నేరమే. కానీ ఈ సంగీతం ఖండాలు దాటడంలో ఆ సబ్బుకీ కొంత పుణ్యం దక్కుతుంది.

ఇంకో దారి బీబీసీలో జాన్ పీల్. 1967 నుంచి 2004లో చనిపోయేదాకా రేడియో 1లో ఆయనకో కార్యక్రమం ఉండేది. ఆయనకి నచ్చితే చాలు, ఎవరు అడ్డుకున్నా వేసేవాడు. నాపామ్ డెత్‌ని 1987 సెప్టెంబరులో బీబీసీ స్టూడియోకి పిలిచి వాయించమన్నాడు. రాత్రి నిద్రపట్టక రేడియో తిప్పిన వాళ్ల చెవుల్లో ఆ పిడుగు పడింది. మరుసటి ఏడాది బృందం రెండో ఆల్బమ్ బ్రిటన్‌లో స్వతంత్ర కంపెనీల చార్టులో మొదటి స్థానానికి చేరింది.

పీల్ అయినా, క్యాసెట్ పంపినవాడైనా, పియర్సన్ అయినా చేసిన పని ఒక్కటే. వేలకొద్దీ మోతల్లోంచి నిజాయతీ ఉన్న మోతను ఏరి, ‘ఇది విను’ అని చేతిలో పెట్టడం. సినిమా పాటకి హీరో ఉన్నాడు, భక్తిగీతానికి దేవుడున్నాడు. ఏ దిక్కూ లేని ఇలాంటి పాటకి నమ్మదగిన చెవి ఒక్కటే ఆధారం. అందుకే ఈ లోకంలో అభిమానులు బ్యాండు పేరుతో పాటు కంపెనీ పేరూ చూసి కొంటారు. మన వంటింట్లో పచ్చళ్లు ఏ ఊరివని అడిగినట్టు.

ఆ చెవి చేసిన అసలు చిత్రం తర్వాత జరిగింది. ‘స్కమ్’ మొదటి వైపు గిటారు వాయించిన జస్టిన్ బ్రాడ్రిక్‌కి వేగం మీద మోజు తీరింది. 1988లో ఓ స్నేహితుడితో కలిసి గాడ్‌ఫ్లెష్ అనే బృందం పెట్టాడు. డ్రమ్స్ వాయించడానికి మనిషిని పెట్టుకోలేదు. డ్రమ్ మెషీన్ తెచ్చుకున్నాడు. మెషీన్ అలసిపోదు, తొట్రుపడదు, జాలిపడదు. దానికి సబ్బత్ నాటి బరువైన గిటారు జతచేస్తే మూతపడిన ఫ్యాక్టరీ అర్ధరాత్రి తనంతట తానే నడుస్తున్నట్టుంటుంది. 1989లో ఇయర్‌ఏక్ తెచ్చిన ‘స్ట్రీట్‌క్లీనర్’ ఆల్బమ్ వింటే ఒళ్లు జలదరిస్తుంది. ఇక డ్రమ్స్ పిడుగు మిక్ హారిస్... అతనూ బ్యాండు వదిలేసి, 1991 ప్రాంతంలో స్కార్న్ పేరుతో ఎలక్ట్రానిక్ సంగీతంలోకి దిగాడు. లోకంలో అందరికన్నా వేగంగా వాయించిన మనిషి, గుండెలో దిగేంత నెమ్మది బేస్‌తో పాటలు కట్టాడు. మెటల్ వేరు, ఎలక్ట్రానిక్ వేరు అని గిరిగీసుకున్న వాళ్లకు ఈ ఇద్దరూ ఒక పట్టాన అర్థం కాలేదు. పియర్సన్‌కి మాత్రం అర్థమైంది. 1994లో అల్ట్రావయొలెన్స్ అనే పేరుతో ఓ కుర్రాడు కంప్యూటర్ల మీద చేసిన హార్డ్‌కోర్ టెక్నోను కూడా తన ముద్రతోనే విడుదల చేశాడు.

అటువైపు ఎలక్ట్రానిక్ లోకంలోనూ ఇదే కథ. న్యూయార్క్ డీజే లెనీ డీ 1991లో ‘ఇండస్ట్రియల్ స్ట్రెంత్’ అనే కంపెనీ పెట్టి, ఫ్రాంక్‌ఫర్ట్‌లో తయారైన పాటను తొలి రికార్డుగా తెచ్చాడు. రేవు పట్టణం రోటర్‌డామ్‌లో కుర్రకారు ఆ తరహా దెబ్బను నెత్తికెక్కించుకుని నిమిషానికి 160 దాటిన తాళానికి ఊగిపోయారు. దాని పేరు గబ్బర్. మన ‘షోలే’ గబ్బర్‌తో చుట్టరికం లేదు లెండి. డచ్చి వాడుకలో ‘నేస్తం’ అని అర్థం.

బెర్లిన్ కథ ఇంకా తమాషా. అలెక్ ఎంపైర్ బృందం అటారీ టీనేజ్ రయట్‌కి ఓ పెద్ద కంపెనీ మంచి అడ్వాన్సు ఇచ్చింది. ఒప్పందం నిలవలేదు. చేతికొచ్చిన సొమ్ముతో అతను 1994లో ‘డిజిటల్ హార్డ్‌కోర్ రికార్డింగ్స్’ అని సొంత దుకాణం తెరిచాడు. జర్మనీలో నయా నాజీలు మళ్లీ తలెత్తుతున్న రోజులు. వాళ్లమీద అరవడమే ఈ బృందం పని. అరిచింది కూడా మామూలుగా కాదు.

పెద్ద కంపెనీలు ఇయర్‌ఏక్‌నీ వదల్లేదు. 1993లో అమెరికాలో సోనీ వారి కొలంబియాతో ఒప్పందం కుదిరింది. చెవిపోటుకి కోట్ల మార్కెట్ దొరుకుతుందని ఆశ. స్వీడన్ బృందం ఎంటూంబ్డ్ ఆల్బమ్ ‘వుల్వరిన్ బ్లూస్’ పేరు చూసి, మార్వెల్ కామిక్స్ హీరో వుల్వరిన్ బొమ్మను అట్టమీద వేసి ఓ ప్రతిని అమెరికాలో అమ్మారు. పాటలకీ ఆ బొమ్మకీ సంబంధం లేదు. బృందానికి ఒళ్లు మండింది. రెండేళ్లు తిరక్కుండానే పెద్ద కంపెనీకి మోజు తీరిపోయింది. కొలంబియా కోసమని రికార్డు చేసిన కార్కస్ బృందం ఆల్బమ్ చివరికి ఇయర్‌ఏక్ గూటికే చేరి 1996లో విడుదలైంది. అప్పటికే ఆ బ్యాండు లేదు, విడిపోయింది. డబ్బు రావడం వల్ల ఎవరూ చెడిపోలేదు. వినే చెవి లేని చోటికి పాటను తోలారు, అంతే.

చిన్న కంపెనీలన్నీ సత్తెకాలపు సత్యహరిశ్చంద్రులేం కావు. లెక్కల దగ్గర గొడవలు, విడిపోవడాలు అక్కడా ఉన్నాయి. మెటల్ చీకట్లో నిజంగా చెడ్డవాళ్లూ ఉన్నారు. నార్వేలో 1992-93 ప్రాంతంలో బ్లాక్ మెటల్ కుర్రాళ్లు కొందరు చర్చిలు తగలబెట్టి, హత్యలు చేసి జైలుకెళ్లారు. జాతివిద్వేషం నూరిపోసే బృందాలూ లేకపోలేదు. కాబట్టి పిల్లల గదిలోంచి మోత వస్తున్నప్పుడు తల్లిదండ్రులు అడగాల్సింది ‘ఏంటా గోల’ అని కాదు. ‘ఎవరు వాయించింది, ఎవరు తెచ్చింది’ అని అడిగితే బోలెడు సంగతులు బయటపడతాయి. అడిగినందుకు పిల్లలు ఆశ్చర్యపోవడం అదనం.

ఈ రోజుల్లో కొత్తవి దొరకడం సులువే. బ్యాండ్‌క్యాంప్‌లో చిన్న కంపెనీలన్నీ వరసగా ఉంటాయి. డబ్బు పెట్టక్కర్లేకుండా చాలావరకు వినొచ్చు, నచ్చితే కొనొచ్చు. 2020లో కరోనా కచేరీల్ని ఆపేసినప్పుడు కొన్ని శుక్రవారాలు తన వాటా వదులుకుని మొత్తం కళాకారులకే ఇచ్చింది. ఆ సంస్థనే 2022లో ఓ వీడియో గేముల కంపెనీ కొంది, 2023లో ఇంకొకరికి అమ్మేసింది. చేతులు మారేసరికి దాదాపు సగంమంది సిబ్బంది ఉద్యోగాలు పోయాయి. బ్రాడ్రిక్ మాత్రం ఎవరినీ నమ్ముకోలేదు. 2023 నాటి గాడ్‌ఫ్లెష్ ఆల్బమ్ ‘పర్జ్’ను సొంత కంపెనీ అవలాంచ్ ద్వారానే తెచ్చాడు.

వినాలనుకునే వాళ్లు నేరుగా నాపామ్ డెత్ జోలికి పోవద్దు. బ్లాక్ సబ్బత్ తొలి ఆల్బమ్‌తో మొదలుపెట్టండి, అది తాతయ్యలు కూడా వినగలిగినదే. తర్వాత స్కార్న్ ‘ఎవనెసెన్స్’. చీకట్లో కూర్చుని వినడానికి బాగుంటుంది. ఆపైన ‘స్ట్రీట్‌క్లీనర్’. ఇయర్‌ఫోన్లలో పెట్టి శబ్దం పూర్తిగా పెంచొద్దు. మర్నాటికి కూడా చెవుల్లో హోరు తగ్గకపోతే అది సంగీతం కాదు, ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన వ్యవహారం. ‘స్కమ్’ ఆఖర్న వినండి. మొదటి వైపు పాటలు 12. పదమూడో పాట దగ్గర కాస్త చెవి నిలపండి. గొంతు మారుతుంది, గిటారు మారుతుంది. వెనకాల డ్రమ్స్ మీద మాత్రం అదే మనిషి.