బాదుడు సరే, నిలబడేదెప్పుడు?

ఐపీఎల్ వచ్చిందంటే తిరుపతి టీ అంగళ్ల దగ్గర 2024 మే 26 పంచాయితీ మళ్లీ మొదలు. ఆ రాత్రి చెపాక్ ఫైనల్లో సన్‌రైజర్స్ 113కే చాప చుట్టేసింది. స్టార్క్ తొలి ఓవర్లోనే అభిషేక్ శర్మ వికెట్ ఎగరగొట్టాడు, హెడ్ మొదటి బంతికే వెనక్కి. కోల్‌కతా 10.3 ఓవర్లలో పని ముగించింది. మనకు ఉప్పల్ కంటే చెపాకే దగ్గర కదా, రైలెక్కి పోయినవాళ్ల కడుపుమంట ఇంకా ఆరలేదు.

"కుర్రోళ్లబ్బా, నేర్చుకుంటార్లే" అంటాడొకాయన, గ్లాసు తిప్పుతూ. "287 కొట్టినోళ్లకు 20 ఓవర్లు నిలబడేది రాదా?" అని పక్కాయన.

మాకు పక్కాయన మాటే సబబు. 2025లో 286తో మొదలెట్టిన జట్టు ఆరో స్థానంతో సరిపెట్టుకుంది. పిచ్ మందగిస్తే రెండో దారి వెతకదు.

అయితే విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని ఈ గాటన కట్టలేం. ఆ ఫైనల్ రోజే అతనికి 21 నిండాయి, చేసింది 13 పరుగులే. ఏడు నెలలు తిరిగేసరికి మెల్‌బోర్న్ టెస్టులో ఎనిమిదో స్థానంలో దిగి, 189 బంతులు ఓపిగ్గా ఆడి 114 చేశాడు.