బీమాలోనూ నిచ్చెనమెట్లేనా?

మా పెద్దనాన్న ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కింద పారిశుధ్య పని చేసేవాడు. కాలువ తీస్తుండగా ఇనుపముక్క గుచ్చుకుని కాలు చీము పట్టింది. ఈఎస్‌ఐ ఆస్పత్రికి వెళితే కాంట్రాక్టరు చందా కట్టలేదన్నారు. ప్రైవేటు ఆస్పత్రిలో ఆరోగ్యశ్రీ కార్డు చూపిస్తే ప్యాకేజీలో రాదన్నారు. చివరికి పెద్దమ్మ పుస్తెలు తాకట్టుకు వెళ్లాయి. కాగితం మీద ఆయనకు రెండు పథకాలున్నాయి. అవసరానికి ఒక్కటీ లేదు.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. ప్రభుత్వ ఉద్యోగులకు ఒక పథకం. నెలకు 21,000 రూపాయల లోపు జీతగాళ్లకు ఈఎస్‌ఐ. పేదలకు ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ భారత్. డబ్బున్నవాళ్లకు ప్రైవేటు పాలసీ. ఎవరి మెట్టు వారిదే. కింది మెట్టు మీద ఎవరుంటారో మనకు తెలియంది కాదు. కులవ్యవస్థ లాగే ఇదీ నిచ్చెనమెట్ల ఏర్పాటే. పైమెట్టు వాళ్లకు కింది పథకంతో పనిలేదు కాబట్టి, అది కుంటుపడినా గట్టిగా అడిగేవాడుండడు.

దీనికి ప్రత్యామ్నాయం ఒకే చెల్లింపుదారు విధానం. అందరూ ఆదాయాన్ని బట్టి ఒకే నిధికి కడతారు, కట్టలేనివారి వాటా ప్రభుత్వం కడుతుంది, ఆ నిధే అందరి వైద్యానికీ చెల్లిస్తుంది. తైవాన్ 1995లో ఇదే చేసింది. అంతకుముందు అక్కడ కూడా కార్మికులకు, రైతులకు, ఉద్యోగులకు వేర్వేరు బీమాలే. వాటన్నిటినీ కలిపి దేశమంతటికీ ఒకటే చేశారు.

ఈ ఆలోచన మనకు పరాయిదేమీ కాదు. 1947లో ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో అంబేద్కర్ బీమా రంగం మొత్తం రాజ్యం గుత్తాధిపత్యంలోనే ఉండాలని ప్రతిపాదించారు. ఆయన పౌరులందరికీ తప్పనిసరి చేయమన్నది జీవిత బీమానే. అయినా సూత్రం ఒకటే: జనం ప్రాణభయం మీద ప్రైవేటు లాభం పండకూడదు.

మన పాలకులు నడుస్తున్నది దీనికి ఎదురుదారిలో. 2007లో మూడు జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు మధ్యలో బీమా కంపెనీ ఉండేది. తర్వాత ట్రస్టే నేరుగా చెల్లించే పద్ధతి వచ్చింది. 2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం మళ్లీ కంపెనీలకు తలుపు తీసింది. రెండున్నర లక్షల వరకు బీమా కంపెనీలు, ఆపైన 25 లక్షల వరకు ట్రస్టు చెల్లించాలని నిర్ణయించింది. ప్రీమియం ముందే చేతికొచ్చిన కంపెనీకి, తిరస్కరించిన ప్రతి క్లెయిమూ లాభమే. చదువురాని రోగి ఆ తిరస్కరణ మీద ఎక్కడ అప్పీలు చేస్తాడు?

ట్రస్టు పద్ధతిలోనూ బకాయిలు పేరుకుపోయి ప్రైవేటు ఆస్పత్రులు సేవలు ఆపేశాయి కదా అని అడగొచ్చు. నిజమే. నిధులివ్వకుండా చెల్లింపుదారు ఒక్కరైనా పదిమందైనా ఫలితం అదే. 2025 నాటికి ప్రజారోగ్యంపై ప్రభుత్వ ఖర్చు జీడీపీలో 2.5 శాతానికి చేరాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. 2021-22లో అది 1.84 శాతమే. దేశం మొత్తం వైద్య ఖర్చులో 39.4 శాతం జనం జేబుల్లోంచే పోయింది.

కాబట్టి మన డిమాండు కార్డు పరిమితి పెంచమని కాదు. నిధి ఒకటి కావాలి. అందులో ఓపీ, మందులు, పరీక్షలు కూడా ఉండాలి. ఆ డబ్బు ముందుగా ప్రభుత్వ ఆస్పత్రులకు వెళ్లాలి. మనకు వైద్యంతో పాటు రిజర్వేషన్ ఉద్యోగాలు దొరికేదీ అక్కడే. కలెక్టరూ కాలువ తీసే కార్మికుడూ ఒకే కార్డుతో ఒకే వరుసలో నిలబడినప్పుడే ఆ వరుస కదులుతుంది.