చిట్టా చదవకుండా చెరిపేస్తే ఎలా?

పిల్లలూ! ఒక కార్యాలయంలో నలభై కంప్యూటర్లు ఉన్నాయనుకోండి. వాటన్నిటికీ కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాలి. ఇంట్లో ఒక్క కంప్యూటరైతే పెన్‌డ్రైవ్ పెట్టి, ఎదురుగా కూర్చుని, అది అడిగిన ప్రశ్నలకు జవాబులిస్తూ ఎక్కించుకోవచ్చు. నలభైకీ అలా కూర్చుంటే వారం గడిచిపోతుంది. అందుకని ఒక సర్వరులో ఆపరేటింగ్ సిస్టమ్ ప్రతిని సిద్ధంగా ఉంచి, నెట్‌వర్కు తీగల ద్వారా అన్నిటికీ పంపిస్తారు. ముప్ఫైయారు చక్కగా పూర్తవుతాయి. నాలుగు మధ్యలో ఆగిపోతాయి. అప్పుడేం చెయ్యాలి?

చాలా చోట్ల జరిగేది ఒకటే. “మళ్ళీ మొదటినుంచి కానివ్వండి” అంటారు. డిస్కు చెరిపి మళ్ళీ మొదలుపెడతారు. మళ్ళీ అక్కడే ఆగుతుంది. మూడోసారీ ఆగితే “బోర్డు పోయింది” అని మూలన పెట్టేస్తారు. ఇది మంచి పద్ధతి కాదని నా గట్టి అభిప్రాయం. సైన్సు చదువుకునే మీరైనా దీనికి అలవాటు పడకూడదని నా కోరిక.

కారణం చెబుతాను. దొంగలు పడిన ఇంటిని పోలీసులు రాకముందే కడిగి ముగ్గు పెట్టేస్తే ఏమవుతుంది? డిస్కు చెరపడం అటువంటిదే. విండోస్ తాను ఎక్కేటప్పుడు చేసిన ప్రతి పనినీ గంటా నిమిషంతో సహా ఒక చిట్టాలో రాసుకుంటుంది. దాన్ని లాగ్ ఫైలు అంటారు. పాంథర్ అనే ఫోల్డరులో ఇటువంటివి ముఖ్యంగా రెండుంటాయి. ఒకదానిలో జరిగినదంతా ఉంటుంది, రెండోదానిలో తప్పులు మాత్రమే ఉంటాయి. తొలి దశలో ఈ చిట్టా ర్యామ్‌లోనే ఉంటుంది కాబట్టి కరెంటు తీసేస్తే మాయమైపోతుంది. అంటే ఆగిన యంత్రాన్ని విసుక్కుని స్విచ్ కట్టేసిన మనిషి, అది చెప్పబోయిన మాట వినకుండానే దాని నోరు మూశాడన్న మాట!

ఇంతకీ ఆగడానికి ఎన్ని కారణాలుంటాయి? నెట్‌వర్కు ద్వారా లేచే కంప్యూటరు సంగతి చూడండి. స్విచ్ వేసేసరికి దానికి డిస్కులో ఏమీ లేదు, నెట్‌వర్కులో చిరునామా కూడా లేదు. అందుకని దండోరా వేస్తుంది: “నేను కొత్తగా లేచాను, నాకు చిరునామా ఇచ్చేవారెవరు?” అని. దీనికి జవాబిచ్చే పద్ధతిని డి.హెచ్.సి.పి. అంటారు. దండోరా ఊరి పొలిమేర దాటదు కదా? ఇదీ అంతే, రూటరును దాటదు. సర్వరు పై అంతస్తులో వేరే నెట్‌వర్కులో ఉండి, ఈ కేకను అక్కడికి అందించమని రూటరుకు ఎవరూ చెప్పి ఉండకపోతే, కంప్యూటరు కాసేపు అరిచి ఊరుకుంటుంది. అందులో కంప్యూటరు తప్పేమీ లేదు.

చిరునామా దొరికాక మొదటి ఫైళ్ళు టి.ఎఫ్.టి.పి. అనే పద్ధతిలో వస్తాయి. 1981 నాటి ప్రమాణమిది. చాలా సాదాసీదాది. 512 బైట్ల ముక్కను పంపి, అందిందన్న జవాబు వచ్చాకే తర్వాతి ముక్క పంపుతుంది. 300 మెగాబైట్ల ఫైలుకు 6,14,400 ముక్కలవుతాయి. ఒక్కో రాకపోకకు సెకనులో వెయ్యోవంతు పట్టినా పది నిమిషాలు దాటుతుంది. ముక్క పరిమాణం పెంచుకునే వీలు 1995లో వచ్చింది. అలాగని అతిగా పెంచితే దారిలో మోయలేని పరికరాలు వాటిని జారవిడుస్తాయి. అప్పుడూ పని ఆగుతుంది.

ఇప్పుడు నాకెంతో ఇష్టమైన చిక్కుప్రశ్న. కంప్యూటరు ఆ మూడు వందల మెగాబైట్లనూ నెట్‌వర్కు మీదే తెచ్చుకుంది. తెచ్చుకున్న చిన్న విండోస్ లేచింది. లేవగానే “నెట్‌వర్కు లేదు” అంటుంది! ఇంతసేపూ సామాను మోసుకొచ్చిన దారే ఇప్పుడు లేదంటే ఎలా నమ్మడం? కేబులు మారుస్తారు, స్విచ్ మారుస్తారు, లాభముండదు.

కాస్త ఆలోచించండి. మొదట నెట్‌వర్కు కార్డుతో మాట్లాడినది ఎవరు? బోర్డు మీది చిప్పులో కంపెనీవారు పెట్టిన ప్రోగ్రాము. కొత్తగా లేచిన విండోస్ ఆ పనిని తన చేతుల్లోకి తీసుకుంటుంది. కాని ఆ కార్డుతో మాట్లాడే భాష, అంటే డ్రైవరు, దాని దగ్గర లేదు. తీగా మంచిదే, కార్డూ మంచిదే, దుబాసీ లేడు!

దీన్ని తేల్చుకునే పరీక్ష ఎంత అందంగా ఉంటుందో చూడండి. ఆ స్థితిలో కమాండ్ కిటికీ తెరిచి “ఐ.పి. కాన్ఫిగ్” అని టైపు చేస్తే మూడు జవాబుల్లో ఒకటి రావచ్చు. కార్డు పేరే కనపడకపోతే, డ్రైవరు లేదని మొదట అనుమానించాలి. చిరునామా 169.254తో మొదలైతే డ్రైవరు ఉంది, చిరునామా ఇచ్చే సర్వరు పలకలేదు. ఆ నెట్‌వర్కుకు తగిన చిరునామాయే కనిపిస్తే, ఈ రెండూ నిర్దోషులు, మరోచోట వెతకాలి. ఒక్క ప్రశ్నతో ముగ్గురు అనుమానితులు విడిపోయారు. పరిశోధన అంటే ఇదే కదా!

మా ఊళ్ళో ఒక కార్యాలయంలో ఈ మధ్య ఇదే జరిగింది. కాలేజీల్లో చేరే రోజులు. పన్నెండు కంప్యూటర్లలో మూడింటికి విండోస్ ఎక్కలేదు. వాటిని పక్కన పెట్టి రెండు కౌంటర్లు మూసేశారు. ఆదాయ ధృవీకరణ పత్రం కోసం మా బడి పిల్లలు మూడు రోజులు ఎండలో నిలబడ్డారు. వాళ్ళలో ఒకమ్మాయి తల్లికి ఆ మూడు రోజులూ కూలి పోయింది. నాలుగో రోజు వేరే కుర్రాడొచ్చాడు. అతను ముందు అడిగినదేమిటో తెలుసా? “ఈ మూడింటికీ ఉమ్మడిగా ఉండి, ఆ తొమ్మిదింటికీ లేనిదేమిటండీ?” అని. ఆ మూడూ తర్వాత కొన్నవట, వాటి నెట్‌వర్కు కార్డు వేరు. చిట్టా చదివాడు, డ్రైవరు చేర్చాడు, సాయంత్రానికి మూడూ పనిచేశాయి. మనం వెల్డింగు చేసేవాడినీ మోటారు విప్పేవాడినీ మెచ్చుకుంటాం గాని, ఇలా ప్రశ్న సరిగ్గా అడిగేవాడిని మెచ్చుకోవడం ఇంకా నేర్చుకోలేదు.

ఇంకా తమాషా అయినది నాణెంలాంటి సెల్లు కథ. కంప్యూటరు బోర్డు మీద 3 వోల్టుల సెల్లు ఒకటి ఉంటుంది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. పాత కంప్యూటర్లలో ఆ సెల్లు అయిపోతే తేదీ ఏళ్ళ వెనక్కి పోతుంది. సర్వరు తాను ఫలానా అని రుజువు చేసుకునే సర్టిఫికెట్టు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకే చెల్లుతుంది. వెనకటి ఏడాదిలో ఉన్నాననుకునే కంప్యూటరుకు అది ఇంకా పుట్టని సర్టిఫికెట్టు. నమ్మనంటుంది, కనెక్షను తెంచుకుంటుంది. తెర మీద “గడియారం తప్పు” అని రాయదు, సర్వరు అందలేదని రాస్తుంది! డిస్కును వందసార్లు చెరిపినా ఆ సెల్లులోకి విద్యుత్తు రాదు.

“మేష్టారూ, మళ్ళీ చేస్తే ఒక్కోసారి పనిచేస్తుంది కదా?” అని మీరడగవచ్చు. నిజమే, పనిచేస్తుంది. నెట్‌వర్కు రద్దీ వల్ల ఆగినదైతే రెండోసారి పూర్తవుతుంది. నలభై యంత్రాలతో కుస్తీ పట్టే మనిషికి ఒక్కోదాని ముందు కూర్చుని చిట్టా చదివే తీరిక ఉండదన్నదీ నిజమే. అందుకని నేనొక హద్దు చెబుతాను. ఒకసారి మళ్ళీ ప్రయత్నించండి. కాని ముందు చిట్టా నకలు తీసుకోండి. రెండుసార్లూ ఒకేచోట ఆగితే అది యాదృచ్ఛికం కాదు, మూడోసారి అలాగే చెయ్యడం కాలం వృథా. ఆపైన ఏదైనా మార్చదలిస్తే ఒక్కటే మార్చండి. కేబులూ డ్రైవరూ సెట్టింగూ మూడూ ఒక్కసారే మార్చి బాగుపడిందని సంతోషిస్తే, ఏది బాగుచేసిందో ఎప్పటికీ తెలియదు.

ఈ గుణం మనలో తగ్గడానికి మా బడుల వంతు కూడా ఉందంటాను. మన ప్రాక్టికల్ రికార్డుల్లో ప్రయోగాలన్నీ విజయవంతమే! లోలకం ఊపిన ప్రతి విద్యార్థికీ జి విలువ 980 వచ్చేస్తుంది. 940 వచ్చినవాడు రబ్బరు తీసుకుంటాడు. ఆ 940 ఎందుకొచ్చిందో వెతికి, దారం పొడవు తప్పు కొలిచానని రాసేవాడికి నేనైతే ఎక్కువ మార్కులు వేస్తాను.

మరో సంగతి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అదనపు భద్రతా పథకంలో చేరినవాటికి మాత్రం కొంత గడువు దొరికింది. 2021లో వచ్చిన విండోస్ 11కు టి.పి.ఎమ్. 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. అది లేదని తెర చెప్పగానే కంప్యూటరును పాతసామాన్లవాడికి ఇచ్చేసేవారున్నారు. చాలా బోర్డుల్లో ఆ ఏర్పాటు ఉంటుంది, కాని సెట్టింగులో నిద్రపుచ్చి ఉంటుంది. లేపితే సరి. నిజంగా లేనివాటికి కూడా లైనక్స్ ఉండనే ఉంది.

అటువంటి కార్యాలయాలు వదిలించుకున్న కంప్యూటర్లు మీ బడికి విరాళంగా రావచ్చు. “పనిచెయ్యదు” అని చీటీ అంటించి వస్తాయి. పెద్దవాళ్ళను పక్కన ఉంచుకుని ముందు తేదీ చూడండి. తర్వాత సెట్టింగులో టి.పి.ఎమ్. మేలుకుని ఉందో లేదో చూడండి. ఎక్కించేటప్పుడు ఆగితే ఏ మెట్టు మీద ఆగిందో, తెర మీద ఏ అంకె కనిపించిందో పాత చీటీ తీసి కొత్త చీటీ మీద రాసి అంటించండి.