నీళ్ళు లేని ఇంజను

పాత ఇనుము కొట్టులో ఇంజనుకి కిలోల లెక్కన ధర కడతారు. ఆ లెక్కలో అన్నిటికంటే ముందు పోయేది ఫ్లైవీలు, బరువు ఎక్కువ దానిదే కాబట్టి. తర్వాత రాగి గొట్టాలు, గన్‌మెటల్ బుష్షులు విడిగా, మంచి రేటుకి. చివరికి మిగిలేది పోత ఇనుప దిమ్మ. అది చేలో నీళ్ళు తోడిందో, బియ్యం మర ఆడించిందో, పడవలో కూర్చుని రేవులు తిరిగిందో చూసి చెప్పడం కష్టం. మన వైపు ఆయిలింజను ఏ పనికి దొరికితే ఆ పనికి వెళ్ళింది.

ఇలాంటివాటిని దాచుకుందాం అని ఎవరైనా అంటే మనకి తట్టేది ఒక్కటే. నల్ల రంగేసి, సిమెంటు దిమ్మె కట్టి, ఆఫీసు ముందు నిలబెట్టి, పండక్కి దండ వెయ్యడం. నా లెక్కలో అదీ తుక్కే. ఇంజను బాగు చెయ్యడమంటే తిప్పడం. పడవ ఇంజనైతే నీళ్ళ మీద తిప్పడం.

ఉంగుటూరు దగ్గర ఏలూరు కాలువ, రైలు పట్టాలు, జాతీయ రహదారి ఒకదాన్నొకటి కనిపెట్టుకుని సాగుతుంటాయి. కాటన్ దొర 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడు. ఆ తర్వాత డెల్టాలో తవ్విన కాలువల్ని వరి కోసమే తవ్వారనుకుంటాం. పడవల కోసం కూడా తవ్వారు, లాకులు కట్టింది అందుకే. ఏలూరు కాలువ గోదావరినీ కృష్ణనీ కలిపింది. కాకినాడలో పడవెక్కితే బెజవాడ మీదుగా కొమ్మమూరు కాలువలోకి, అక్కణ్ణించి బకింగ్‌హాం కాలువ పట్టుకుని మద్రాసు దాకా నీళ్ళ మీదే పోగలిగిన కాలం ఒకటుండేది. గాలుంటే తెరచాప, లేకపోతే గెడ, అదీ కాకపోతే గట్టు మీద తాడు లాగే మనుషులు. 1890లలో రైలొచ్చింది. తర్వాత బస్సు, లారీ. పడవ ఒక్కరోజులో పోలేదు, సరుకు కాస్త కాస్తగా తగ్గి పోయింది.

కాటన్ ఆశ డెల్టాతో ఆగలేదు. ఆవిరి పడవలు గోదావరి ఎదురెక్కి వార్ధా దాకా వెళ్ళి బీరారు పత్తిని సముద్రానికి దించాలన్నాడు. దుమ్ముగూడెం దగ్గర రాతి అడ్డంకులు దాటించడానికి కట్టలు, లాకులు కట్టడం మొదలెట్టి 1871లో ఆ పథకాన్నే వదిలేశారు. వేసవిలో నదికి లోతు చాలదు, వరదలో వేగం ఆగదు. ఆవిరి యంత్రంలో లోపమేమీ లేదు. నీళ్ళు దాని మాట వినలేదు.

నేల మీది ఇంజనుకీ పడవ ఇంజనుకీ తేడా ఎక్కడంటే మూడు చోట్ల. చేలో ఇంజను పక్కన డ్రమ్ము పెట్టి నీళ్ళు తిప్పితే చల్లబడుతుంది. పడవ ఇంజను తను తేలుతున్న నీళ్ళే తాగుతుంది, వాటితోపాటు ఒండ్రు కూడా. రెండోది, ప్రొపెల్లరు నీటిని వెనక్కి నెడుతుంటే ఆ నెట్టుడు షాఫ్టు గుండా ముందుకి వస్తుంది. దాన్ని కాసుకోవడానికి ప్రత్యేకంగా బేరింగు ఉండాలి, లేకపోతే దెబ్బంతా గేరుబాక్సు మీద, క్రాంకు మీద పడుతుంది. మూడోది, వెనక్కి నడవడం. బ్రేకు లేని బండి కదా పడవ. రేవు దగ్గరికొచ్చేసరికి వెనక్కి తిప్పలేకపోతే సరంగు ఎంత గట్టివాడైనా గట్టునే గుద్దుతాడు.

ఈ వెనక్కి తిప్పడమనే చిక్కుని స్వీడన్ వాళ్ళు తమాషాగా విప్పారు. బొలిండర్ అనే పాత ఇంజను ఉండేది. తలమీది గుండ్రటి గుల్లని బ్లోల్యాంపుతో ఎర్రగా కాల్చి మొదలుపెట్టాలి. గేరుబాక్సు లేకుండానే ముందుకీ వెనక్కీ నడిచేది. ఇంజను ఆగిపోయేంత నెమ్మదించనిచ్చి, పిస్టను ఇంకా పైకి వస్తుండగానే ఆయిలు కొడితే, ఆ పేలుడు ఫ్లైవీలుని వెనక్కి తన్నేది. అంతే, తిరిగే దిక్కు మారిపోయేది. ఇంగ్లండు కాలువల మీద సరుకు పడవల్లో వీటిని విరివిగా వాడారు. ఇప్పటికీ అక్కడ కొందరు వాటిని విప్పి, బిగించి, కాల్చి, తిప్పుతున్నారు. అంత శ్రమ దేనికని అడిగితే సమాధానం చెప్పలేరు. చెప్పాల్సిన అవసరమూ లేదు.

మన దగ్గర దొరికేవి అంత విచిత్రమైనవి కావు. డర్స్‌లీలో 1930 ప్రాంతంలో మొదలైన లిస్టర్ సీఎస్ ఇంజను సంగతే తీసుకోండి. ఆరు గుర్రాల సింగిల్ సిలిండరు, నిమిషానికి 650 చుట్లు. రెండు చుట్లకో పేలుడు కాబట్టి సెకనుకి అయిదారు దెబ్బలు. ఆ నెమ్మదే దాని ఆయుష్షు. ఇంగ్లండులో 1980లలో దాని తయారీ ఆగిపోయినా గుజరాత్‌లో రాజ్‌కోట్ వాళ్ళు అదే నమూనా పోతపోస్తూ వచ్చారు. అమెరికా, ఆస్ట్రేలియాల్లోని పాత ఇంజన్ల పిచ్చివాళ్ళు ఆ రాజ్‌కోట్ ఇంజన్లు ఓడల మీద తెప్పించుకున్నారు. వాళ్ళు ముచ్చటపడి తెప్పించుకున్న బాపతునే మనం ఇనుము కొట్టుకి తోలుతున్నాం.

పట్టేసిన ఇంజనుని కదపడం ఓపికతో కూడిన పని. తాడేపల్లిగూడెంలో ఒక పెద్ద మేస్త్రి గారిని అడిగితే ఆయన మొదటి మాట, “సుత్తి దూరంగా పెట్టండి బాబూ, తర్వాత మాటాడదాం” అని. హెడ్డు విప్పాలి. లైనరు నిండా డీజిలో కిరసనాయిలో కొంచెం ఇంజనాయిలు కలిపి పోసి వదిలెయ్యాలి. రోజూ కాస్త పొయ్యాలి, రోజూ ఫ్లైవీలుని చేత్తో అటూ ఇటూ ఊపి చూడాలి. వెంట్రుకవాసి కదిలినా అది కదలికే. కదలకపోతే పిస్టను మీద చెక్క దిమ్మ పెట్టి తట్టాలి తప్ప ఇనుము ఇనుముని తాకకూడదు. తొందరపడి కొట్టినవాడికి పిస్టను పగిలి చేతికొస్తుంది, లేదా కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది.

చలిదేశాల్లో నీళ్ళు గడ్డకట్టి దిమ్మ పగులుతుంది. మనకి ఆ బెడద లేదు. మన శత్రువు ఒండ్రు. సిలిండరు చుట్టూ నీళ్ళు తిరిగే గదిలో గోదావరి మట్టి పేరుకుని గట్టిపడుతుంది. బయటికి దిమ్మ చల్లగానే అనిపిస్తుంది, లోపల ఒక పక్క కాలిపోతుంటుంది. పక్క మూతలు విప్పి, చువ్వతో గోకి, నీళ్ళు కొట్టి, మళ్ళీ గోకాలి. ఈ పని ఫొటోలో పడదు గనక రంగేసేవాళ్ళు దీని జోలికి రారు. ఆ పైన రింగులు, వాల్వు సీటింగు, నాజిలు పరీక్ష. బేరింగుల్లో తెల్ల లోహం అరిగిపోయి ఉంటే కరిగించి పోసి, చేత్తో గీకి, షాఫ్టుకి సరిపడేలా చెయ్యాలి. ఇప్పుడు బజార్లో దొరికే బేరింగు తీసి పెట్టేసుకునేవాళ్ళకి ఈ గీకుడు రాదు. వచ్చినవాళ్ళు ముసలివాళ్ళైపోతున్నారు. ఇంజను తుప్పుపట్టినా పదేళ్ళాగుతుంది, ఆ చెయ్యి ఆగదు. నాకు దిగులంతా అక్కడే.

ఇంకొక్క సంగతి. పాత గాస్కెట్లలో, పొగగొట్టం చుట్టల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. వాటిని పొడిగా గీకి ఊదెయ్యకండి. హేండిలు తిప్పేటప్పుడు బొటనవేలు మిగతా నాలుగు వేళ్ళ పక్కనే ఉంచండి, చుట్టి పట్టుకోకండి. ఇంజను ఎదురు తన్నిందంటే ముందు పోయేది ఆ వేలే.

పట్టాల మీది యంత్రానికి దక్కిన మర్యాద నీళ్ళ మీది యంత్రానికి ఈ దేశంలో దక్కలేదు. 1855 నాటి ఆవిరి ఇంజను ఫెయిరీ క్వీన్‌ని రైల్వే వాళ్ళు పెరంబూరులో బాగుచేసి 1997లో మళ్ళీ పట్టాలెక్కించారు. విశాఖ బీచిలో కురుసుర జలాంతర్గామి ఉంది. 2002 నుంచి జనం టిక్కెట్టు కొనుక్కుని డీజిలింజన్ల పక్కగా నడిచి వెళ్తున్నారు. ఇసుక మీద జలాంతర్గామి ఇంజను తిప్పమని ఎవరూ అడగరు, అక్కడ చూపించడమే సబబు. నదుల దేశం బంగ్లాదేశ్‌లో కలకత్తా గార్డెన్ రీచ్‌లో కట్టిన చక్రాల స్టీమర్లు చాలాకాలం తిరిగాయి గానీ, ఆవిరి యంత్రాలు పీకేసి డీజిలు పెట్టారు. పడవ బతకడం కోసం ఇంజనుని బలిపెట్టారన్నమాట. వేవర్లీ అనే స్కాట్లండు స్టీమరుని 1974లో ఒక్క పౌండుకి ఒక సంఘానికి అప్పగిస్తే, వాళ్ళు దాన్ని ఆవిరి యంత్రంతోనే నడిపించారు. ప్రయాణికులు ఆ యంత్రం పక్కన నిలబడి చూడొచ్చు.

మనకి ఏముంది? కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా నాలుగో జాతీయ జలమార్గం అని 2008లో ప్రకటించారు. అందులో ఏలూరు కాలువ వాటా 139 కిలోమీటర్లు. 2017లో కృష్ణ మీద ముక్త్యాల, విజయవాడల మధ్య పని మొదలైంది. ఏలూరు కాలువ వంతు ఇంకా రాలేదు. వేల టన్నుల బార్జీల లెక్కలు విన్నప్పుడల్లా నాకు అనుమానమే. వంతెనల ఎత్తెంత, లాకుల గతేమిటి అన్న ప్రశ్నలు ఆ లెక్కల్లో కనబడవు. బార్జీల మాట తర్వాత చూద్దాం. ముందు ఒక చిన్న పడవ, ఒక పాత ఇంజను చాలు.

కాలువ నీళ్ళు ఊళ్ళ తాగునీటి చెరువుల్లోకి పోతాయి, అందులో ఆయిలు కారిస్తే ఎలా అంటారు. న్యాయమైన మాట. అందుకే మొదటి ఏడాది ఇంజను గట్టు దిగక్కర్లేదు. ఐటీఐ పిల్లలకి అప్పజెప్పండి, పైన చెప్పిన మేస్త్రి గారిలాంటివారిని కుర్చీ వేసి కూర్చోబెట్టి రోజుకింత కూలి ఇవ్వండి. ఉచితంగా చెప్పమనడం మర్యాద కాదు. డ్రమ్ము నీళ్ళతో తిప్పండి. వేసవిలో కాలువ కట్టేసినప్పుడు పడవ పని చూసుకోవచ్చు. షాఫ్టు బయటికొచ్చే చోట గ్రీజు పట్టించిన పేకింగు తాడు బిగించి, ఇంజను కింద రేకు తొట్టి పెట్టి, చుక్క కారడం లేదని తేలాకే నీళ్ళలోకి.

ఉంగుటూరు నుంచి పడవ ఏ దిక్కుకి అన్నది కూడా ఆలోచించాలి. ఉంగుటూరు ఏలూరు జిల్లాలో ఉంది. తాడేపల్లిగూడెం 2022 ఏప్రిల్ విభజనలో పశ్చిమ గోదావరిలోనే ఉండిపోయింది. అటు పోవాలంటే రెండు జిల్లాల ఆఫీసుల్లో కాగితాలు తిరగాలి. భీమడోలు వైపు పోతే ఒక జిల్లాయే, పైగా వాలు కూడా అటే. పోయేటప్పుడు ఇంజను మొరాయించినా కాలువే మోసుకుపోతుంది, వచ్చేటప్పుడు ఎదురెక్కించగలదో లేదో తెలిసిపోతుంది. నేనైతే భీమడోలు వైపే మొదలుపెట్టమంటాను.