నిద్రపోయే పిల్లాణ్ణి లేపి మందా?

మావాడికి టాన్సిల్స్ తీయించి ఆరు రోజులైంది. వాడికి ఐదేళ్ళు. పొద్దున ఆపరేషన్, సాయంత్రానికి ఇంటికి పంపేశారు. పాప్సికిల్స్ పెట్టమన్నారు. "గొంతు కోసిన పిల్లాడికి ఐసు పెడతారటే? ఇదెక్కడి వైద్యం!" అని విజయవాడ నుంచి వీడియో కాల్లో అమ్మ ఒకటే గొడవ. చల్లదనానికి నొప్పి తగ్గుతుందమ్మా అంటే వినదు.

ఐసు దగ్గర అమ్మ మాట కాదన్నాను గానీ, మందు దగ్గర విన్నాను. రెండో రాత్రి వాడు హాయిగా పడుకున్నాడు. "నిద్రపోయే పిల్లాణ్ణి లేపి మందేమిటే, ఏడిస్తే వేద్దువుగానిలే" అంది. నాకూ సబబే అనిపించింది.

తెల్లవారుజామున చూస్తే గోడవైపు తిరిగి మేలుకునే ఉన్నాడు. ఏడవలేదు. ఏడిస్తే ఇంకా నొప్పి కదా. చొంగ మింగలేక దిండు మీద వదిలేస్తున్నాడు. నీళ్ళిస్తే పెదవులు బిగించాడు. తాగకపోతే గొంతెండి నొప్పి పెరుగుతుంది. తగ్గించే మందేమో అదే గొంతులోంచి దిగాలి. చుక్క చుక్కగా పట్టించడానికి గంట పట్టింది.

నర్సుకి ఫోన్ చేశాను. తిట్టలేదు పాపం. మొదటి రోజుల్లో నొప్పి వచ్చాక కాదు, గడియారం చూసి వేయాలట, రాత్రయినా లేపి. మాకు రాసిచ్చింది టైలెనాల్ – మన పారాసెటమాలే – ఇంకా ఐబుప్రొఫెన్. డోసు వయసుని బట్టి కాదు, బరువుని బట్టి. వంటింటి చెంచాతో కాదు, సిరంజితో. కొడీన్ ఊసే లేదు. కొందరు పిల్లల ఒంట్లో అది గబగబా మార్ఫిన్‌గా మారి ఊపిరి ఆగిన సందర్భాలున్నాయి. 2013లో ఎఫ్‌డీఏ టాన్సిల్స్ తీసిన పిల్లలకి వాడొద్దని గట్టిగా హెచ్చరించింది. 2017లో పన్నెండేళ్ళలోపు వాళ్ళెవరికీ వద్దంది.

గొంతులో పెచ్చు ఊడే ఈ రోజుల్లో నొప్పి మళ్ళీ పెరగొచ్చట. రక్తం కనిపిస్తే మాత్రం ఫోన్లు కాదు, నేరుగా ఎమర్జెన్సీకే. వాడు ఎన్నిసార్లు ఒంటేలుకి వెళ్ళాడో కాగితం మీద గీతలు పెడుతున్నాను.

ఒకటి మాత్రం మనసులోంచి పోవడంలేదు. ఆసుపత్రిలో ముఖాల బొమ్మలు చూపించి "నీ నొప్పి ఏ బొమ్మలా ఉంది?" అని అడిగితే నవ్వే బొమ్మ మీద వేలు పెట్టాడు. మేమంతా మురిసిపోయాం. నిన్న మెల్లగా అడిగితే చెప్పాడు – ఏడ్చే బొమ్మ చూపిస్తే సూది వేస్తారనుకున్నాడట.

రాత్రి రెండింటికి అలారం మోగింది. కళ్ళు తెరవకుండానే నోరు తెరిచాడు.