కోడి కత్తికి ఇంట్లోనే సాన.. బెల్ట్ మెషిన్‌తో ప్రమాదం ఎవరికి?

సంక్రాంతి దగ్గర పడుతోందంటే గోదావరి జిల్లాల్లో ఒకటే చర్చ. బరి ఎక్కడ వేస్తారు? పందెం ఎన్ని లక్షలు? పోలీసులు ఎంతమందిని బైండోవర్ చేశారు? కోడి కాలికి కట్టే కత్తికి పదును ఎక్కడ పెడుతున్నారనేది మాత్రం ఎవరూ అడగరు. అసలు కథంతా అక్కడే మొదలవుతుంది.

ధవళేశ్వరానికి ఇనుప పని కొత్తేమీ కాదు. 1847-52 మధ్య కాటన్ దొర ఆనకట్ట కట్టించినప్పుడే ఇక్కడ వర్క్‌షాప్ నడిచింది. నా చిన్నప్పుడు సైకిల్‌కి సాన చక్రం బిగించుకుని వీధిలో అరుచుకుంటూ వచ్చేవాళ్లు. కత్తిపీటలు, కొడవళ్లు పట్టుకెళ్లి ఇచ్చేవాళ్లం. ఇప్పుడు ఫోన్ తెరిస్తే చాలు, బెల్ట్ సాండర్ మీద కత్తులు నూరే వీడియోలు వరసగా వస్తాయి. నిప్పురవ్వలు, స్లో మోషన్, చివర్లో కాగితం సర్రున కోయడం. చూడ్డానికి బాగానే ఉంటుంది. చిన్న మెషిన్ అయితే ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే ఇంటికే వచ్చేస్తుంది.

ఇంతకీ ఏంటీ మెషిన్? రెండు మూడు చక్రాల మీద గరుకు కాగితం బెల్ట్ గిర్రున తిరుగుతుంది. ఇళ్లలో వాడే చిన్న రకంలో బెల్ట్ ఒక అంగుళం వెడల్పు, 30 అంగుళాల చుట్టు ఉంటుంది. చెక్క, ఇనుము నునుపు చేయడానికి పనికొస్తుంది. సాన రాయి మీద అరగంట పట్టే పని దీని మీద నిమిషాల్లో అయిపోతుంది. చిక్కు కూడా ఆ స్పీడ్‌లోనే ఉంది.

కత్తి అంచు చాలా పల్చగా ఉంటుంది. బెల్ట్ రాపిడికి క్షణాల్లో వేడెక్కిపోతుంది. 200 డిగ్రీలు దాటితే ఉక్కు మీద గడ్డి రంగు, 300 దగ్గర నీలం రంగు కనిపిస్తాయి. నీలం వచ్చిందంటే అక్కడ ఉక్కు గట్టిదనం పోయినట్టే. కమ్మరి కొలిమిలో కాల్చి, నీళ్లలో ముంచి తెచ్చిన బలమంతా ఒక్క నిమిషంలో ఆవిరి! పైకి మాత్రం తళతళా మెరుస్తూనే ఉంటుంది. తెలిసినవాళ్లు ఊరికే నీళ్లలో ముంచుతూ, చేత్తో వేడి చూసుకుంటూ నూరుతారు.

ఇంకోటి, అంచు ఎప్పుడూ బెల్ట్ తిరిగే దిక్కుకు ఎదురుగా పెట్టకూడదు. అంచు బెల్ట్‌లో దిగబడితే కత్తి చేతిలోంచి ఎగిరిపోతుంది. కళ్లద్దాలు, ముక్కుకు మాస్క్ లేకుండా చేసేవాళ్లైతే ఆ ఇనుప పొడిని అలాగే పీల్చేస్తుంటారు. రీల్స్‌లో ఈ ముక్క ఎవరూ చెప్పరు.

కోడి కత్తి చిన్నదే, దాదాపు మూడు అంగుళాలు. కానీ చంపేది కోళ్లను మాత్రమే కాదు. 2021 ఫిబ్రవరిలో జగిత్యాల జిల్లా లొత్తునూరులో కత్తి కట్టిన కోడి గింజుకోవడంతో గజ్జల్లో తెగి ఒకాయన చనిపోయారు. 2023 సంక్రాంతికి నల్లజర్ల మండలం అనంతపల్లిలో పందెం చూడ్డానికి వెళ్లిన కుర్రాడు, కిర్లంపూడి మండలం వేలంకలో మరో వ్యక్తి ఇలాగే ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2018 అక్టోబర్ 25న విశాఖ ఎయిర్‌పోర్ట్‌లో అప్పటి ప్రతిపక్ష నేత జగన్ మీద దాడి జరిగింది కూడా ఇలాంటి కత్తితోనే. పందెం ముఖం చూడనివాళ్లకి కూడా 'కోడి కత్తి' అనే మాట అప్పుడే తెలిసింది.

మరి చట్టం ఏం చేస్తోంది? 2016 డిసెంబర్‌లో ఉమ్మడి హైకోర్టు పందేలు ఆపాలని గట్టిగా చెప్పింది. మండలానికో తనిఖీ బృందం వేసి, కత్తుల్లాంటి సామగ్రిని స్వాధీనం చేసుకోవాలంది. అయినా ఏటా జరిగేది మనం చూస్తున్నదే. కేసు పెట్టినా జంతు హింస నిరోధక చట్టం 1960 నాటిది. జంతువులను పోరుకు ఉసిగొల్పితే మొదటిసారి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. అవును, యాభై రూపాయలే! బరి దగ్గర పార్కింగ్‌కే అంతకంటే ఎక్కువ అవుతుంది.

కత్తి పెద్దదైతే లెక్క వేరు. తొమ్మిది అంగుళాల పొడవు గానీ, రెండు అంగుళాల వెడల్పు గానీ దాటితే ఆయుధ నిబంధనలు 2016 జాబితాలోకి వస్తుంది. తల్వార్‌తో బర్త్‌డే కేక్ కోసి రీల్ పెట్టినవాళ్ల మీద హైదరాబాద్‌లో కేసులైంది అందుకే. ఇంటి పనికి, వ్యవసాయానికి చేసిన వాటికి మినహాయింపు ఉంది. ఉండాలి కూడా. కొబ్బరి కత్తి, కొడవలి లేకుండా కోనసీమలో పని నడవదు కదా.

మూడు అంగుళాల కోడి కత్తి ఈ కొలతకు అందదు. బెల్ట్ మెషిన్‌నీ నిషేధించలేం. కొడవలి నూరేదీ, కోడి కత్తి నూరేదీ ఒకే బెల్ట్. ఇదివరకు కత్తి ఎవరిదో, ఎన్ని నూరాడో ఊళ్లో కమ్మరికైనా తెలిసేది. పోలీసులు అడగడానికి ఒక గుమ్మం ఉండేది. ఇప్పుడు పని పెరట్లో, తలుపు వేసుకుని జరిగిపోతోంది. తనిఖీ బృందాలేమో భోగి ముందు బరుల దగ్గరే తిరుగుతాయి. అప్పటికే కత్తి ఎవరి జేబులోనో ఉంటుంది.